స్వీడన్‌లో ఎం.ఎస్. చదివితే పిల్లలు ఎలా మారతారు? ఒక నాన్నగారికి జవాబు

నరసరావుపేట నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయికి స్వీడన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. చదువు బాగుంటుందని అందరూ అంటున్నారు. కానీ అక్కడికి వెళ్లిన పిల్లలు పూర్తిగా మారిపోతారని మా బంధువులు భయపెడుతున్నారు. నిజంగా ఎలా మారతారు? పంపించమంటారా?"

నమస్కారమండీ. ముందు సూటిగా చెప్పేస్తాను. మారతారు. పంపించండి, కానీ పార్ట్‌టైమ్ డబ్బుతో ఫీజు కట్టుకుంటుందన్న లెక్కతో మాత్రం పంపకండి. ఆ లెక్క సంగతి కింద రాస్తాను.

మీ బంధువులు భయపడుతున్నది తిండి, బట్టలు, అలవాట్ల గురించి అయి ఉంటుంది. నేను చూసినంతలో అవి పైపై మార్పులు. అసలు మార్పు ఇంకో చోట వస్తుంది. స్వీడన్‌లో ఎవరూ వెంటపడి చెప్పరు. చదవమని చెప్పరు, క్లాసుకు ఎందుకు రాలేదని అడగరు, గడువు దగ్గర పడుతోందని రెండోసారి గుర్తు చేయరు. అదే మనం వెళ్లి అడిగితే, కాఫీ పక్కన పెట్టి మరీ కూర్చోబెట్టి చెబుతారు. అడగడం అలవాటైన పిల్ల రెండేళ్లలో తన కాళ్ల మీద తను నిలబడుతుంది. అడగలేక గదిలో కూర్చున్న పిల్ల పక్క గది వాళ్లకు కూడా తెలియకుండా కుంగిపోతుంది. రెండు రకాల పిల్లలనూ దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి. 2010 ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో విమానం దిగి, సముద్రం మీది వంతెన దాటే రైల్లో కార్ల్స్‌క్రోనా వెళ్లాను. స్వీడన్ దక్షిణ తీరంలో దీవుల మీద 1680లో కట్టిన నౌకాదళం ఊరు అది. మన జేఎన్‌టీయూకీ ఆ ఊరి బ్లెకింగె టెక్నికల్ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం ఉండేది. కొంత ఇక్కడ, కొంత అక్కడ చదివితే రెండు డిగ్రీలు వచ్చేవి. అందుకే అంత చిన్న ఊళ్లో బస్సెక్కితే తెలుగు వినిపించేది. ఇప్పుడు నేను గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏటా ఆగస్టు వచ్చిందంటే కొత్తగా దిగే పిల్లలకు గది వెతకడం, ఆఫీసులకు తీసుకెళ్లడం నాకూ మా స్నేహితులకూ పనే. నేను రాసేదంతా ఆ అనుభవంలోంచే.

మొదటి వారంలోనే పిల్లలకు తగిలే దెబ్బ పిలుపు దగ్గర. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలవాలి. సార్ అంటే ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది. 1960ల చివరి దాకా స్వీడన్‌లో కూడా హోదా చెప్పి, బిరుదు పెట్టి పిలుచుకునేవాళ్లు. 1967లో దేశ వైద్య శాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్ తన ఉద్యోగులందరినీ 'నువ్వు' అంటానని, తనను కూడా బ్రూర్ అనే పిలవమని చెప్పాడు. అప్పటికే మొదలైన ఆ పద్ధతి త్వరలోనే దేశమంతా పాకింది. ఇప్పుడు రాజకుటుంబాన్ని తప్ప ఎవరినైనా 'నువ్వు' అనే అంటారు. మన పిల్లలకు నోరు తిరగదు. నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేను ఏ డౌటూ అడగలేదు. సార్ అనకూడదు, పేరు పెట్టి పిలవలేను, దాంతో ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఒక్క పిలుపు దగ్గర ఆగిపోయి ఒక టర్మ్ అంతా పోగొట్టుకోవచ్చని మీ అమ్మాయికి ముందే చెప్పండి.

థీసిస్ మొదలైనప్పటి ఒక మధ్యాహ్నం నాకిప్పటికీ గుర్తుంది. మా గైడ్ గదికి తొమ్మిది స్లైడ్లు చేసుకుని వెళ్లాను. ఆయన రాసిన పేపర్లలోని మాటలే వాటిలో పెట్టాను, సంతోషిస్తాడని. ఆయన లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించి, రెండు కప్పుల్లో కాఫీ పోసి, "ఇది నాకు తెలిసిందే. నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు. నాకు మాట రాలేదు. ఆయన తొందర పెట్టలేదు. కిటికీ బయట పడవలు కట్టేసి ఉన్నాయి, వాటిని చూస్తూ కూర్చున్నాడు. రెండు మూడు నిమిషాలు అలా గడిచాయి. చివరికి నేను, "మీరు మూడో పేపర్లో తీసుకున్న కొలత నాకు సరైనదనిపించడం లేదు" అన్నాను. చెమటలు పట్టాయి. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం. ఇరవై రెండేళ్ల వయసులో, నా అభిప్రాయం వినడానికి ఒక పెద్దాయన అలా ఎదురు చూడడం నాకదే మొదటిసారి. స్వీడన్ నన్ను మార్చింది అంటే నాకు గుర్తొచ్చేది ఆ మూడు నిమిషాల నిశ్శబ్దమే.

చదువు పద్ధతి కూడా అలాగే ఉంటుంది. ఆరు సబ్జెక్టులు ఒకేసారి ఉండవు. ఎక్కువ చోట్ల ఒకసారికి ఒకటో రెండో కోర్సులు, అవి అయ్యాక తర్వాతివి. టర్మ్‌కు 30 క్రెడిట్లు. క్లాసులు వారానికి కొన్ని గంటలే ఉండడంతో పిల్లలు ఖాళీ అనుకుంటారు. ఖాళీ కాదు, మిగతా సమయమంతా సొంతంగా చదువుకుంటారని లెక్కవేసే అంత తక్కువ పెడతారు. మొత్తం కలిపితే వారానికి 40 గంటల పని. పరీక్ష నాలుగైదు గంటలు ఉంటుంది. హాల్లోకి అరటిపండు, శాండ్‌విచ్, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని తింటూ రాస్తారు. పేపర్ మీద పేరు ఉండదు, కోడ్ ఉంటుంది. ర్యాంకులు లేవు. ఫెయిలైతే మళ్లీ రాసే అవకాశం ఇస్తారు, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. మన దగ్గర పోటీలో నలిగి వచ్చిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఇంటర్ నుంచి పరీక్ష అంటే కడుపులో తిప్పే ఒకమ్మాయి, రెండో టర్మ్‌లో నాతో "అక్కా, నిన్న పరీక్ష ముందు రాత్రి నిద్రపోయాను" అంది. అదే తనకు పెద్ద వార్త.

కాపీ విషయంలో మాత్రం దయ ఉండదు. ఇది గట్టిగా చెప్పండి. మన కాలేజీల్లో రికార్డు చూసి రాసుకోవడం, ల్యాబ్ ప్రోగ్రామ్ పంచుకోవడం స్నేహం కింద లెక్క. ఇక్కడ మోసం కింద లెక్క. నాకు తెలిసిన ఇద్దరమ్మాయిలు ఒకరి అసైన్‌మెంట్ ఇంకొకరు చూసి రాశారు. ఇచ్చిన పిల్ల, తీసుకున్న పిల్ల ఇద్దరినీ క్రమశిక్షణ కమిటీ ముందుకు పిలిచారు. ఇలాంటి కేసుల్లో ఆరు నెలల దాకా యూనివర్సిటీ నుంచి సస్పెండ్ చేయవచ్చు. వాళ్లకు రెండు నెలలు పడింది. ఆ రెండు నెలలూ ఇంట్లో చెప్పలేక, దేశంలో ఉండడానికిచ్చిన పర్మిట్ ఏమవుతుందో తెలియక వాళ్లు పడిన టెన్షన్ నేను చూశాను. నిజానికి ఇద్దరూ మంచి పిల్లలు. అసైన్‌మెంట్ అర్థం కాలేదని టీచర్‌కి ఒక్క మెయిల్ పెట్టి ఉంటే వారం గడువు ఇచ్చేవాడు. అడగడానికి మొహమాటపడ్డారు.

ఇక డబ్బు. పిల్లల జీవితం ఎలా ఉంటుందన్నది, నా దృష్టిలో, సంస్కృతి కంటే దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నేను వచ్చినప్పుడు ట్యూషన్ ఫీజు లేదు. 2011 శరదృతువు నుంచి యూరప్ బయటి విద్యార్థులకు ఫీజు పెట్టారు. టెక్నికల్ కోర్సులకు ఏడాదికి లక్ష క్రోనాలు (స్వీడన్ డబ్బు) దాటుతుంది. దీనికి తోడు పర్మిట్ కోసం, బతకడానికి నెలకు పది వేల క్రోనాలకు పైగా చొప్పున ఖాతాలో చూపించాలి. మా బ్యాచ్ పిల్లలు రెండు ఫెయిల్యూర్లు భరించగలిగారు, ఒక టర్మ్ ఆలస్యమైనా నవ్వుకున్నారు. ఇప్పటి పిల్లలు ఎడ్యుకేషన్ లోన్ నెత్తిన పెట్టుకుని దిగుతున్నారు. వాళ్లకు ప్రతి కోర్సూ అప్పు లెక్కలాగే కనిపిస్తుంది. అందుకే స్కాలర్‌షిప్ సంగతి ముందే చూడండి. చాలా యూనివర్సిటీలు ఫీజులో కొంత భాగమో, కొన్ని సార్లు మొత్తమో మాఫీ చేస్తాయి, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. సీటు వచ్చింది కదా, దానంతట అదే వస్తుందనుకుని గడువు దాటించుకున్న వాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

పార్ట్‌టైమ్ గురించి ఒక అబ్బాయి కథ చెబుతాను. నల్లగొండ వైపు వాడు. చలాకీ పిల్లాడు. రెండో టర్మ్ ఫీజులో సగం తనే కడతానని వాళ్ల నాన్నకు మాటిచ్చాడు. రాత్రి పేపర్ వేసే ఉద్యోగం దొరికింది. అర్ధరాత్రి దాటాక లేచి, మంచులో సైకిల్ మీద తిరిగి, ఆరు లోపు ఇల్లిల్లూ పేపర్ వేయాలి. పగలంతా నిద్ర, క్లాసులకు వెళ్లేవాడు కాదు. వచ్చిన డబ్బు గది అద్దెకు, తిండికి సరిపోయింది, ఫీజుకు మిగల్లేదు. ఏడాది తిరిగేసరికి పర్మిట్ పొడిగించాలంటే చదువు ముందుకు సాగుతున్నట్టు సరిపడా క్రెడిట్లు చూపించాలన్న విషయం తెలిసింది. అతని దగ్గర లేవు. ఇంట్లో ఏమీ చెప్పలేదు, ఫోన్‌లో "బాగుంది నాన్నా" అనేవాడు. చివరికి యూనివర్సిటీలో స్టడీ కౌన్సెలర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ ఒక కాగితం తీసుకుని ఏ కోర్సు ఎప్పుడు మళ్లీ రాయొచ్చో గీతలు గీసి చూపించింది, నలభై నిమిషాలు. బయటికొచ్చాక వాడు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "ఈవిడ రూమ్ మా క్లాస్ పక్కనే అక్కా, ఏడాదిగా రోజూ దాటి వెళ్తున్నా" అన్నాడు. తర్వాత గట్టెక్కాడు, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. కానీ ఆ ఏడాది వాడికి చాలా ఖరీదైంది.

చలి గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. చలికి కోటుంది, హీటరుంది. భయపడాల్సింది చీకటికి. దక్షిణాన ఉన్న కార్ల్స్‌క్రోనాలోనే డిసెంబర్‌లో ఎనిమిదిన్నరకు తెల్లవారి మూడున్నరకు పొద్దుగూకుతుంది. పైన ఉమెయో, లూలెయో వైపు సీటొస్తే వెలుతురు ఇంకా తక్కువ. నవంబర్‌లో ఏమీ తెలియదు. జనవరి వచ్చేసరికి పిల్లలు మంచం దిగరు. మొదటి రెండు శీతాకాలాలూ జాగ్రత్త. డాక్టర్‌ని అడిగి విటమిన్ డి మొదలుపెట్టాలి. ఎండ ఉన్న ఆ కాసేపు, క్లాసు లేకపోయినా బయటికి నడవాలి. ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఆరోగ్య కేంద్రం ఉంటుంది, మనసు బాగోలేదని చెప్పుకోవడానికే ఉంటుంది అది. వెళ్తే 'పిచ్చి' అని ముద్ర వేయరు. స్వీడన్ వాళ్లు కూడా ఈ చీకటితో పోరాడుతూనే ఉంటారు. డిసెంబర్ రాగానే ప్రతి ఇంటి కిటికీలో కాగితపు నక్షత్రం వెలుగుతుంది, ఏడు దీపాల స్టాండు పెడతారు. నేను మొదటి ఏడాది వాటిని పండగ అలంకరణ అనుకున్నాను. రెండో ఏడాది నేనూ ఒకటి కొని కిటికీలో పెట్టాక అర్థమైంది, దారిన పోయేవాళ్లకు కూడా ఆ వెలుతురు అవసరమని.

ఒంటరితనం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బస్సులో పక్క సీటు వాళ్లు పలకరించరు. పక్కింటి వాళ్లు పొరపాటున కూడా ఏ ఊరమ్మా అని అడగరు. అది గర్వం కాదు, మనల్ని ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద. దాంతో మన పిల్లలు ఏం చేస్తారంటే, నలుగురైదుగురు తెలుగు వాళ్లు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుంటారు. పప్పు, పెరుగు, రాత్రి పేకాట, ఉగాదికి పచ్చడి, బతుకమ్మకు పూలు దొరక్కపోతే కాగితం పూలు. మొదటి ఆరు నెలలు దాన్ని మించిన బలం లేదు, నేను కాదనను. కానీ రెండేళ్లూ అందులోనే ఉండిపోతే స్వీడిష్ రాదు, ఒక్క స్వీడన్ స్నేహితుడూ ఉండడు. ఈ దేశంలో స్నేహాలు క్లబ్బుల్లో మొదలవుతాయి. పాటల బృందం, బ్యాడ్మింటన్, అడవిలో నడక, ఏదో ఒకటి. ఉప్సాలా, లుంద్ లాంటి పాత యూనివర్సిటీ ఊళ్లలో 'నేషన్లు' అనే విద్యార్థి సంఘాలుంటాయి. వంటింట్లో గంట గిన్నెలు తోమితే చాలు, పది మంది పరిచయమవుతారు. మీ అమ్మాయిని మొదటి నెలలోనే ఒక్క క్లబ్బులో చేరమనండి. రెండో నెలకు మొహమాటం ముదిరిపోతుంది.

మగపిల్లల్లో వచ్చే మార్పు గురించి అమ్మాయి తండ్రిగా మీరు తెలుసుకోవాలి, రేపు అల్లుడిని చూసేటప్పుడు పనికొస్తుంది. మా బ్యాచ్‌లో ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తీయని అబ్బాయిలు చాలామంది. ఇక్కడ బట్టలు ఉతకాలంటే బిల్డింగ్ అంతటికీ కలిపి ఒక లాండ్రీ గది ఉంటుంది, బోర్డు మీద మూడు గంటల స్లాట్ బుక్ చేసుకోవాలి. టైమ్ దాటినా, మెషిన్‌లో బట్టల నుంచి రాలిన నూగు వదిలేసినా తలుపు మీద చీటీ అంటిస్తారు. మా పక్క ఫ్లాట్ అబ్బాయి మొదటి నెలలో మూడు చీటీలు తిన్నాడు. అదే అబ్బాయి ఈ మధ్య పెళ్లయి, బిడ్డ పుట్టాక ఆరు నెలలు సెలవు తీసుకున్నాడు. స్వీడన్‌లో బిడ్డకు 480 రోజుల సెలవు ఇస్తారు, అందులో 90 రోజులు తల్లికే, 90 రోజులు తండ్రికే, ఒకరిది ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. కర్నూలు నుంచి వాళ్ల మామగారు చూడ్డానికి వచ్చారు. అల్లుడు పొద్దున్నే పాపకు స్నానం చేయించి, జావ కాచి, బండిలో పార్కుకు తీసుకెళ్లడం వారం రోజులు చూశారాయన. ఎనిమిదో రోజు తనే బండి తోస్తానని వెంట వెళ్లారు.

అమ్మాయిల్లో మార్పు ఇంకా లోతుగా ఉంటుంది. రాత్రి పదకొండింటికి లైబ్రరీ నుంచి ఒక్కతే సైకిల్ మీద ఇంటికి రావడం, తన జీతం, తన బ్యాంకు, తన నిర్ణయం. ఒక్కసారి అలవాటయ్యాక వెనక్కి వెళ్లదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ పిల్ల "నేను ఆలోచించి చెబుతాను" అంటుంది. దాన్ని పొగరు అనుకోకండి. ఆ మాట పలకడానికి తను ఎంత కష్టపడి నేర్చుకుందో నాకు తెలుసు. పెళ్లి విషయంలో కూడా ఇదే మాట అంటుంది, సిద్ధంగా ఉండండి. నేనూ అన్నాను. మా నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు తనే ఫోన్ చేసి, "సరే తల్లీ, ఆలోచించి చెప్పు" అన్నారు.

చదువయ్యాక ఏమిటన్నది త్వరగా చెప్పేస్తాను. ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది దాకా పర్మిట్ ఇస్తారు. ఐటీ, టెలికాం, ఆటోమొబైల్ రంగాల్లో, స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్‌లలో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. మిగతా చోట్ల స్వీడిష్ లేకుండా ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లరు. 2023 నవంబర్‌లో వర్క్ పర్మిట్‌కు, దేశ మధ్యస్థ జీతంలో కనీసం 80 శాతం జీతం ఉండాలని పెట్టారు. ఇలాంటి నిబంధనలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి, కాబట్టి నా మాట మీద కాకుండా దరఖాస్తు పెట్టేనాడు మైగ్రేషన్ ఏజెన్సీ సైట్ చూసుకోండి. స్వీడిష్ క్లాసులు పెద్దవాళ్లకు మునిసిపాలిటీ ఉచితంగా చెబుతుంది. పర్సనల్ నంబర్ రాగానే పేరు ఇవ్వమనండి, చివరి టర్మ్ దాకా ఆగొద్దు. ఏడాదికి పైగా ఉండేవాళ్లకు టాక్స్ ఆఫీస్ ఆ నంబర్ ఇస్తుంది. అది లేకపోతే బ్యాంకు, ఫోన్, డాక్టర్ అన్నీ ఆగిపోతాయి, అందుకే దిగిన వారంలోనే వెళ్లాలి.

ఇంక మీరు చేయగలిగింది ఒకటుంది. వేసవిలో మనకూ అక్కడికీ మూడున్నర గంటల తేడా, శీతాకాలంలో నాలుగున్నర. మీ రాత్రి తొమ్మిదిన్నరకు, అంటే జనవరిలో అక్కడ సాయంత్రం ఐదుకు ఫోన్ చేస్తే, అప్పటికి చీకటి పడి తనొక్కతే గదిలో ఉంటుంది. మార్కులెన్ని అని కాకుండా, ఇవాళ బయటికి వెళ్లావా, ఎవరితో మాట్లాడావు అని అడగండి. ఫెయిలైనా ముందు మాకే చెప్పు, తిట్టం అని వెళ్లే ముందు ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆ నల్లగొండ అబ్బాయికి ఆ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

మీ అమ్మాయికి ఏ ఊళ్లో సీటొచ్చిందో మీరు రాయలేదు. ఊరు, కోర్సు రాయండి, గది గురించి విడిగా చెబుతాను. స్టాక్‌హోమ్, లుంద్, ఉప్సాలా అయితే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఈ రోజే స్టూడెంట్ హౌసింగ్ క్యూలో పేరు పెట్టించండి. అక్కడ గది, పేరు ముందు పెట్టిన వాళ్లకే ముందు వస్తుంది.